పాత పడవల పండగలు: ఏళ్ళ తరబడి తిరిగాక నా సమీక్ష

రోయింగ్ చరిత్ర అంటే ప్రాణం పెట్టే జనం ఇంగ్లండ్‌లో ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పోగవుతూనే ఉంటారు. చలికాలంలో క్లబ్ హాళ్ళలో ప్రసంగాలు, విందులు. మే నెలలో ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న దీవులు ఐల్స్ ఆఫ్ సిల్లీలో ఆరు తెడ్ల గిగ్ పడవల పందేలు. జులైలో హెన్లీ దగ్గర థేమ్స్ ఒడ్డున పాత పడవల పండగ. సెప్టెంబరులో లండన్‌లో థేమ్స్ మీద రకరకాల తెడ్ల పడవల పందెం, గ్రేట్ రివర్ రేస్. వీటి చుట్టూ చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. నేను పతకాలు గెలిచినవాణ్ణి కాదు, మామూలు క్లబ్ రోయర్ని. కాబట్టి ఇది చూడ్డానికి వెళ్ళేవాడి వైపు నుంచి రాస్తున్నది. పడవ నీళ్ళలో ఉండే చోటికి కళ్ళు మూసుకుని వెళ్ళిపోండి. పడవ గురించి మాట్లాడుకునే చోటికి మాత్రం ఎవరు మాట్లాడుతున్నారో కనుక్కుని వెళ్ళండి.

ముందు థేమ్స్ పాత పడవల పండగ సంగతి. హెన్లీ పట్నానికి కాస్త దిగువన ఫాలీ మెడోస్ అనే పచ్చిక బయలులో జరుగుతుంది. జనం ఎక్కువగా ఆవిరి లాంచీల కోసం, 1940లో డంకర్క్ నుంచి సైనికుల్ని తీసుకొచ్చిన చిన్న పడవల కోసం వస్తారు. ఇంజన్ లేని పడవలకి ఫొటోలు తీసేవాళ్ళు తక్కువ. మనలాంటి వాళ్ళకి అదే మేలు, తోపులాట ఉండదు. తెడ్ల పడవల దగ్గర తీరిగ్గా నిలబడొచ్చు, యజమానితో మాట్లాడొచ్చు, అడిగి ముట్టుకోవచ్చు.

ఒకసారి అలా స్టాండ్ల మీద బోర్లించిన ఓ సెడార్ పందెం పడవ పక్కన చాలాసేపు ఉండిపోయాను. చెక్క మందం మూడు మిల్లీమీటర్లకి అటూ ఇటూ. వేలితో మెల్లగా నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ పైకి వస్తుంది. వార్నిష్ కింద నారల గీతలు ముక్కు నుంచి తోక దాకా తెగకుండా పోతున్నాయి. ఒకచోట అరచేయంత అతుకు. పాత రోజుల్లో పగులు మీద సన్నటి గుడ్డ అంటించి వార్నిష్ పట్టించేవారట. "ఇది నేను వేసింది కాదు, నాకంటే ముందున్నవాళ్ళు వేసింది. అందుకే తియ్యలేదు" అన్నాడు దాన్ని చూసుకుంటున్న పెద్దాయన. ఆ పడవ ఎదురుగా ఒక్క మనిషి నడిపే ఇప్పటి కార్బన్ ఫైబర్ పందెం పడవ, అంటే సింగిల్, ఒకటి పెట్టారు. దాని నిబంధన బరువు కనీసం 14 కిలోలు, చేత్తో ఎత్తుకుపోవచ్చు. రెండింటినీ పక్కపక్కన చూడ్డం నాకు పది ఉపన్యాసాల పెట్టు.

ఇలాంటి చోట్ల వరస బాగా పెడితే సాంకేతిక చరిత్ర అంతా కాళ్ళతో నడుస్తూ చదువుకోవచ్చు. తెడ్డుకి ఆనిక పడవ అంచు మీదే ఉన్నంత కాలం పడవ వెడల్పుగా ఉండక తప్పలేదు. ఆనికని ఇనప చట్రంతో అంచుకి అవతలికి జరిపారు, అదే ఔట్‌రిగ్గర్. 1840లలో న్యూకాజిల్‌కి చెందిన హ్యారీ క్లాస్పర్ దాన్ని పనికొచ్చే రూపానికి తెచ్చాక పడవలు సన్నబడిపోయాయి. 1856లో అడుగున బయటికి పొడుచుకొచ్చే వెన్నుదూలం లేని ఎయిట్‌తో (ఎనిమిది మంది తెడ్డు వేసే పడవ) రాయల్ చెస్టర్ క్లబ్ హెన్లీలో గెలిచింది. ఆ తర్వాత జారే సీటు. 1873లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండు జట్లూ తమ పందెంలో మొదటిసారి దాన్ని వాడాయి. అంతకుముందు కొందరు తోలు పంట్లాంకి కొవ్వు పూసుకుని నున్నటి బల్ల మీద ముందుకీ వెనక్కీ జారేవారు. నవ్వొచ్చినా ఆలోచన సరైనదే. కాళ్ళ బలం తెడ్డుకి చేరాలన్నదే అక్కడ లెక్క. తెడ్డు కొస కూడా ఊరుకోలేదు. సన్నగా పొడుగ్గా ఉన్నది 1959 తర్వాత మాకాన్ అనే వెడల్పు ఆకారానికి మారింది, 1991లో గొడ్డలి తలలాంటి ఇప్పటి రూపం వచ్చింది.

చూడ్డంతో సరిపెట్టుకోకండి. ఎవరైనా స్కిఫ్ అనే చిన్న తెడ్ల పడవ ఎక్కమంటే మొహమాటపడకుండా ఎక్కండి. థేమ్స్ స్కిఫ్‌లో సీటు కదలదు. తెడ్డు రెండు చెక్క మేకుల మధ్య ఆడుతుంది, ఆ మేకుల దగ్గర తోలు చుట్టి ఉంటుంది. ఇప్పటి పడవకి అలవాటు పడ్డవాళ్ళు మొదటి పది నిమిషాలూ తెగ తడబడతారు, ఎందుకంటే మోకాళ్ళు వంచి జరగడానికి అక్కడ చోటే లేదు. బావిలో నీళ్ళు తోడేటప్పటిలా నడుం దగ్గర్నుంచి వంగి లేవాలి. లయ దొరికాక తోలు మేకుకి తగిలిన ప్రతిసారీ 'టక్' అని ఒక చప్పుడు వస్తుంది. ఎనిమిది తెడ్లూ ఒకేసారి పడుతున్నాయా లేదా అని పాతకాలపు కోచ్‌లు ఆ చప్పుడు వినే చెప్పేవారంటే నాకు ఆ స్కిఫ్‌లోనే నమ్మకం కుదిరింది. మర్నాడు నడుం పట్టేస్తుంది, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

ఇక హాళ్ళలో జరిగే కార్యక్రమాలు. ఇక్కడ నా మార్కులు బాగా తగ్గిపోతాయి. మంచి వక్త దొరికితే సాయంత్రం ఎలా గడిచిందో తెలియదు. దొరక్కపోతే అరిగిపోయిన రికార్డే. 1829లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తొలి పందెం, 1839లో హెన్లీ రెగట్టా (పడవ పందేల పోటీ) మొదలు, 1851లో ప్రిన్స్ ఆల్బర్ట్ దయవల్ల పేరులో 'రాయల్' చేరడం, ఆ తర్వాత ఫలానా క్లబ్బు కప్పుల జాబితా. ఒక విందులో ఒక వక్త గంటన్నర పాటు టై రంగుల గురించే మాట్లాడాడు. టికెట్ డబ్బులు మాత్రం ముక్కు పిండి తీసుకున్నారు.

విసుగు కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. ఈ ఆటని పెంచి పోషించిన వాళ్ళలో సగం మంది ఆ ఉపన్యాసాల్లో కనబడరు. పందొమ్మిదో శతాబ్దంలో న్యూకాజిల్ దగ్గర టైన్ నది ఒడ్డున పందేనికి పడవ నడిపేవాళ్ళు ఇవాళ్టి సినిమా హీరోలంత పేరున్నవాళ్ళు. 1870లో క్లాస్పర్ చనిపోతే అంత్యక్రియలకి లక్షమందికి పైగా వచ్చారని చెబుతారు. అదే టైన్ రోయర్ జేమ్స్ రెన్‌ఫోర్త్ 1871లో కెనడాలో పందెం మధ్యలోనే కూలిపోయి ప్రాణం వదిలాడు. అక్కడ ఒక పేటకి ఇప్పటికీ ఆయన పేరే. వీళ్ళంతా ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు. అలాంటివాళ్ళని బయట పెట్టడానికే 1879లో హెన్లీ నిర్వాహకులు 'అమెచ్యూర్' (డబ్బు కోసం కాక సరదాకి ఆడేవాడు) అన్నదానికి నిర్వచనం రాశారు. కూలికి పనిచేసే మెకానిక్, చేతిపనివాడు, శ్రామికుడు అమెచ్యూర్ కాడట! ఆ అడ్డు తొలగడానికి 1937 దాకా పట్టింది. ఆ రెండు తేదీల మధ్య ఎంతమంది గుమ్మం దగ్గరే ఆగిపోయారో ఆలోచించండి.

జాక్ కెల్లీ కథ మాత్రం ప్రతి విందులోనూ వినబడుతుంది. తాపీ పనిచేసిన ఫిలడెల్ఫియా మనిషి. 1920లో హెన్లీలో ఒంటరి రోయర్ల పోటీ డైమండ్ స్కల్స్‌కి పేరు ఇస్తే తిరగ్గొట్టారు. అదే ఏడాది ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో బ్రిటన్ వీరుడు జాక్ బెరెస్‌ఫర్డ్‌ని ఓడించి బంగారు పతకం పట్టుకెళ్ళాడు. కొడుకు 1947లో, 1949లో అదే హెన్లీ కప్పు గెలిచి లెక్క సరిచేశాడు. కూతురు నటి గ్రేస్ కెల్లీ. ఇంత మంచి కథ కాబట్టి తలా ఒక తోక తగిలిస్తారు. నిజానికి ఆయన్ని ఆపడానికి కూలిపని ఒక్కటే కారణం కాదు, ఆయన క్లబ్ వెస్పర్‌తో హెన్లీకి 1905 నుంచే తగువు ఉంది. ఈ రెండో ముక్క చెప్పిన వక్త దొరికితే మిగతా ఉపన్యాసం కూడా శ్రద్ధగా వినొచ్చని నా కొలత.

ఆడవాళ్ళ చరిత్రకి ఇంకా తక్కువ చోటు. 1896లో లండన్ హామర్‌స్మిత్‌లో ఆడపిల్లల కోసం స్కల్లింగ్ (ఒక్కొక్కరూ రెండేసి తెడ్లు వేయడం) క్లబ్ పెట్టిన డాక్టర్ ఫర్నివాల్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పనిలో పాలుపంచుకున్న పండితుడు. ఆడవాళ్ళ ఆక్స్‌ఫర్డ్-కేంబ్రిడ్జ్ తొలి పోటీ 1927లో జరిగింది. అది కూడా పక్కపక్కన పందెంగా కాదు, ఒకరి తర్వాత ఒకరు నడిపితే వేగంతో పాటు ఒడుపుకీ మార్కులు వేశారు. ఒలింపిక్స్‌లో వాళ్ళకి చోటు 1976 మాంట్రియల్‌లోగానీ దొరకలేదు. లండన్ టైడ్‌వేలో, అంటే మగవాళ్ళ పందెం జరిగే థేమ్స్ భాగంలో, మగవాళ్ళు పోటీపడే రోజునే పోటీపడే అవకాశం 2015లో. ఈమధ్య సభల్లో వీటి గురించి మాట్లాడేవాళ్ళు కనిపిస్తున్నారు. కానీ తరచుగా భోజనానికి ముందు మిగిలిన చివరి పదిహేను నిమిషాలే వాళ్ళకి ఇస్తారు.

ఎక్కడికి వెళ్ళమంటావు అని ఎవరైనా అడిగితే నేను ముందు సిల్లీ పేరే చెబుతాను. గిగ్ అంటే ఆరు తెడ్ల పడవ. ఓడల్ని రేవులోకి తీసుకొచ్చే పైలట్‌ని ఎదురెళ్ళి ఎక్కించడం ఒకప్పుడు దాని పని. ముందు చేరిన పడవకే బేరం, అందుకే పందెం దాని రక్తంలో ఉంది. 1838లో విలియం పీటర్స్ కట్టిన 'ట్రెఫ్రీ' అనే గిగ్ కొలతల ప్రకారమే ఇవాళ్టికీ కొత్త గిగ్‌లు ఎల్మ్ చెక్కతో కడుతున్నారు. పొడవు 32 అడుగులు, వెడల్పు 4 అడుగుల 10 అంగుళాలు. 1990 నుంచి ఏటా జరిగే చాంపియన్‌షిప్‌లో వందకు పైగా గిగ్‌లు ఒకేసారి బారులు తీరతాయి. ఒడ్డు మీద నిలబడ్డవాడికి కాసేపు మాట రాదు. ఇక్కడ చరిత్ర గాజుపెట్టెలో లేదు, తడిసి ముద్దయి ఒడ్డెక్కుతుంది. వసతి మాత్రం ఏడాది ముందే నిండిపోతుంది. ఫెర్రీలో సముద్రం ఊపేస్తే కడుపు తిప్పుతుంది, మాత్ర వేసుకోండి.

స్కాట్లండ్‌లో ఇంకో దారి పట్టారు. 2009లో ఫిషరీస్ మ్యూజియం చొరవతో ఇయన్ ఆట్రెడ్ 'సెయింట్ ఏల్స్' స్కిఫ్ గీశాడు. నాలుగు తెడ్లు, 22 అడుగులు, ప్లైవుడ్ కిట్. ఊరివాళ్ళే షెడ్డులో కట్టుకుని ఊరికి ఊరికి పోటీ పడతారు. ప్లైవుడ్‌ని చూసి ముక్కు విరిచే పెద్దలు ఉన్నారు. నేను వాళ్ళతో ఒప్పుకోను. పాత పడవల్ని కాపాడాలంటే పడవ కట్టడం వచ్చిన చేతులు ఉండాలి కదా.

చెక్క పడవతో వచ్చే చిక్కు కూడా అదే. హీటర్ వేసిన హాల్లో వేలాడదీస్తే ఎండిపోయి పలకల మధ్య సందులు పడతాయి. తరచూ నీళ్ళు తగిలితేనే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. అలాగని వందేళ్ళ పడవని వారం వారం నదిలో దింపితే అరుగుతుంది. ఈ తర్జనభర్జన వినాలంటే వేదిక దగ్గర కూర్చోకండి, పడవ మరమ్మతు చేసేవాళ్ళు టీ తాగే మూలకి వెళ్ళండి. 1998లో తెరిచిన హెన్లీలోని రివర్ అండ్ రోయింగ్ మ్యూజియం 2025 సెప్టెంబరులో మూతపడ్డాక ఈ మాటల్లో టెన్షన్ కూడా చేరింది. బ్రిటన్ రోయర్ స్టీవ్ రెడ్‌గ్రేవ్ సిడ్నీ ఒలింపిక్స్‌లో ఐదో బంగారు పతకం గెలిచిన పడవని నేను చూసింది అక్కడే. ఇలాంటి చోటు పోతే భారం అంతా ఈ చిన్న చిన్న గుంపుల మీదా, వాళ్ళ షెడ్ల మీదా పడుతుంది.

వెళ్ళేవాళ్ళకి ఇంకో రెండు ముక్కలు. ఒడ్డు బురదగా ఉంటుంది, మంచి బూట్లు పాడుచేసుకోకండి. గ్రేట్ రివర్ రేస్ చూడాలంటే ముగింపు దగ్గర రిచ్‌మండ్ వైపు నిలబడండి, మొదలు దగ్గర ఏమీ అర్థం కాదు. మెల్లగా వెళ్ళే పడవల్ని ముందు వదులుతారు కాబట్టి చివరికి అన్నీ ఒకచోట పడి తోసుకుంటాయి. చిన్నపిల్లలతో వెళ్తే హాలు కార్యక్రమాల జోలికి పోవద్దు. సొంత ఇంట్లో తాతల కాలం నాటి రోయింగ్ ఫొటో ఏదైనా ఉన్నవాళ్ళు మాత్రం అది పట్టుకుని వెళ్ళండి, కోటు రంగు చూసి క్లబ్ పేరు, తెడ్డు ఆకారం చూసి సుమారు ఏ కాలమో అక్కడికక్కడే చెప్పేవాళ్ళు కనీసం ఇద్దరుంటారు. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు, కాబట్టి ఓ గంట చేతిలో పెట్టుకుని వెళ్ళండి.