ఇంగ్లీషు నేర్పేవారికి తెలుగు పాఠం: విజయనగరంలో ఆరు ఆదివారాల శిక్షణ

విజయనగరం కోటకు దగ్గరలో ఉన్న ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం ఇంగ్లీషు ఉపాధ్యాయుల కోసం ఆరు ఆదివారాల పాటు తరగతులు నిర్వహించగా, రాజాం వైపు నుంచి వారం వారం బస్సులో వెళ్లి అన్నింటికీ హాజరయ్యాను. రుసుము పన్నెండు వందల రూపాయలు, మధ్యాహ్న భోజనం అందులోనే కలిసి ఉంది. ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడటం నేర్పే శిక్షణలు మా ప్రాంతంలో కొత్త కాదు. ఇక్కడ మాత్రం ఉపాధ్యాయుడి ఇంగ్లీషు జోలికి పెద్దగా పోకుండా, పిల్లవాడు చేసే తప్పు ఎక్కడి నుంచి పుడుతోందో, దాన్ని గుర్తించడానికి ఉపాధ్యాయుడికి భాషల నిర్మాణం గురించి ఎంత తెలిసి ఉండాలో చెప్పారు. పద్దెనిమిదేళ్లుగా ఎర్రసిరాతో దిద్దుతూ వచ్చిన తప్పులకు కారణాలు మొదటిసారి అక్కడే విన్నాను.

రెండో ఆదివారం ధ్వనుల మీద జరిగిన తరగతి అన్నింటిలోకీ మేలైనది. మా పిల్లలు స్కూలును ‘ఇస్కూలు’ అనీ, స్టేషన్‌ను ‘టేసను’ అనీ పలికితే అది అశ్రద్ధ అనుకునేవాళ్లం. శిక్షకురాలు బల్ల మీద ‘క్రింద’, ‘వ్రాయు’ అని రాసి, ఈ మాటలను మీరు ఇంట్లో ఎలా పలుకుతారని అడిగారు. అందరమూ ‘కింద’, ‘రాయు’ అన్నాం. మాట మొదట్లో రెండు హల్లులు కలిసి వస్తే వాటిని సులువు చేసుకోవడం తెలుగు నాలుకకు ఏనాటి నుంచో ఉన్న అలవాటనీ, పిల్లవాడు ఇంగ్లీషు మాటకు కూడా ఆ సూత్రాన్నే వర్తింపజేస్తున్నాడనీ ఆమె వివరించారు. అలవాటును గుర్తించాక దిద్దే పద్ధతి కూడా మారుతుంది: ముందుగా ‘స్’ ధ్వనిని సాగదీసి పలికించి, దానికి మిగిలిన మాటను చేర్చాలి. మరుసటి వారం మా ఆరో తరగతిలో ఇలా చేయిస్తే, ఒక్క పీరియడులోనే చాలామంది ముందున్న ‘ఇ’ని వదిలేశారు.

ఇంగ్లీషు క్రియల చివర చేరే ‘-ed’ అనే భూతకాల ప్రత్యయం గురించి చెప్పినది కూడా అంతే విలువైనది. రాతలో ఒకే రూపంలో కనిపించే ఆ ప్రత్యయం ‘వాక్ట్’లో ట్ గానూ, ‘ప్లేడ్’లో డ్ గానూ, ‘వాంటిడ్’లో ఇడ్ గానూ వినిపించడానికి దాని ముందున్న ధ్వనే కారణం. రాసినట్టే చదివే లిపికి అలవాటుపడిన మన పిల్లలు అన్నింటినీ ‘ఎడ్’ అనే చదువుతారు. ఈ మార్పును అర్థం చేయించడానికి ఆమె తెలుగు బహువచనాన్నే ఎంచుకున్నారు. ‘లు’ చేరినప్పుడు కన్ను కళ్లు అవుతుంది, చెట్టు చెట్లు అవుతుంది, గుర్రం గుర్రాలు అవుతుంది. చేరిక వల్ల రూపం మారడం అనే సంగతి పిల్లవాడికి బడికి రాకముందే తెలుసు, అది తనకు తెలుసునన్న విషయాన్ని మనం అతనికి చూపించాలి.

వాక్యనిర్మాణానికి రెండు ఆదివారాలు కేటాయించారు. ‘వేర్ యూ ఆర్ గోయింగ్’ అని పిల్లవాడు అడిగితే, ‘నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు’ అన్న వాక్యంలో ప్రశ్నపదం వచ్చినా మిగతా మాటలు తమ స్థానం మారవన్న సంగతి మనకు గుర్తుకు రావాలి. ‘వచ్చాడా’ అన్నప్పుడు కూడా చివర అచ్చు ఒక్కటే మారుతుంది, ఇంగ్లీషులోలాగా క్రియ ముందుకు జరగదు. అలాగే ఆకలి, జ్వరం, తెలియడం, అన్నదమ్ములు ఉండడం అన్నీ తెలుగులో ‘నాకు’తో చెప్పుకుంటాం, ఇంగ్లీషు ఒక్కొక్క దానికి ఒక్కొక్క క్రియను కోరుతుంది. ఈ పట్టికను నేను చార్టుగా రాసి తరగతి గోడకు అంటించాను.

పాఠ్యపుస్తకాల భాష మీద ఇంకొంత సమయం ఇచ్చి ఉండవలసింది. 2020-21 నుంచి ప్రాథమిక తరగతుల పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా వచ్చాయి కాబట్టి ఈ విషయం ఇంగ్లీషు ఉపాధ్యాయులకే కాక అందరికీ అవసరం. లెక్కల్లో ‘డిఫరెన్స్’ కనుక్కోమంటే మా విద్యార్థి ఒకడు ఒక సంఖ్య పెద్దది, ఇంకొకటి చిన్నది అని రాశాడు. వాడుకలో ఆ మాటకు తేడా అనే అర్థం ఉంది, లెక్కల్లో మాత్రం తీసివేత. మాట్లాడే భాష వేరు, చదువు భాష వేరు అని 1979లో విడదీసి చూపిన కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ లెక్క ప్రకారం, మొదటిది పట్టుబడటానికి సుమారు రెండేళ్లు చాలు, రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు కావాలి. గలగలా మాట్లాడే పిల్లవాడు సైన్సు పేపరులో ఎందుకు తడబడతాడో దీనితో తెలుస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతిని అరగంటలో ముగించడం నాకు బాధ కలిగించింది.

లోపాలు మరికొన్ని ఉన్నాయి. అరవైమందిని ఒకే హాలులో కూర్చోబెట్టారు, మైకు సరిగా పనిచేయక ధ్వనుల తరగతి వెనుక వరుసలకు దాదాపు వినిపించలేదు. ఇచ్చిన నోట్సులో అచ్చుతప్పులు చాలా ఉన్నాయి. పదజాలం మీద జరిగిన నాలుగో ఆదివారం నిఘంటువు చూడటం నేర్పడంతోనే గడిచిపోయింది.

వీటన్నింటికంటే నన్ను కలవరపెట్టినది మరొకటి ఉంది. ఆరు వారాలూ పిల్లలందరి ఇంటిభాష తెలుగే అన్నట్టు పాఠం సాగింది. అందులోనూ ‘ఏటి’, ‘సదువు’ అనే మా ఉత్తరాంధ్ర పలుకుబడి తప్పు కాదనీ దానికి తన నియమాలు ఉన్నాయనీ చెప్పారు, అది సంతోషం. కానీ సీతంపేట వైపు నుంచి వచ్చి మా ఊరి హాస్టల్లో ఉండే పిల్లలు సవర మాట్లాడతారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, తెలుగుతో దానికి చుట్టరికం లేదు. ఆ పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. కాబట్టి ‘కింద’, ‘కళ్లు’ ఉదాహరణలు వారికి మెట్లు కావు, అవి కూడా నేర్చుకోవలసిన పాఠాలే. శ్రీకాకుళం నేలలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలతో కలిసి ఉండి వారి భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి మాటల్లోనే చదువు చెప్పించి, 1931 నాటికి సవర వ్యాకరణాన్ని అచ్చు వేయించారు. ఆ జిల్లాకు పక్కనే జరిగిన శిక్షణలో ఆ భాష ఊసు అరపేజీకి మించి లేకపోవడాన్ని నేను తేలికగా తీసుకోలేను.

చివరి రోజు అభిప్రాయ పత్రంలో ఈ సంగతంతా రాసి ఇచ్చాను. నిర్వాహకులు ఓపికగా చదివి, సంక్రాంతి తరువాత మరో విడత ఉంటుందని చెప్పారు. తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు ఆ విడతకు తప్పక వెళ్లవచ్చు, మైకు వినిపించేలా ముందు వరుసలో కూర్చుంటే చాలు. సవర మాతృభాషగా గల ఉపాధ్యాయుడు ఒకరిని పిలిచి పూర్తి రోజు మాట్లాడించే పక్షంలో, ఆ ఒక్క ఆదివారం కోసం నేను మొత్తం రుసుము మళ్లీ కట్టి వెళ్తాను.