ఇంగ్లీషు మాటల పుట్టుక తెలిపే ఉచిత నిఘంటువు

ఇంగ్లీషు మాటల చరిత్ర తెలుసుకోదలచిన వారికి నేను మొదట సూచించేది అమెరికాకు చెందిన డగ్లస్ హార్పర్ రూపొందించిన ‘ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ’నే. దీనిని చూడడానికి రుసుము చెల్లించనక్కరలేదు.

‘నైస్’ అన్న మాటను వెతికితే దీని విలువ బోధపడుతుంది. ‘ఏమీ తెలియని’ అనే అర్థమున్న లాటిన్ ‘నెస్కియస్’ నుంచి ప్రాచీన ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దం చివర ఇంగ్లీషులో చేరిన ఈ మాట, మొదట మూర్ఖత్వాన్ని సూచించి, తరువాత అతి సుకుమారాన్ని, ఆపైన సూక్ష్మతను తెలిపి, 18వ శతాబ్దంలో గానీ మనమెరిగిన ‘మంచి’ అన్న అర్థానికి చేరలేదు. ఒక అర్థం నుంచి మరొకటి ఎలా పుట్టిందో ఇలా కాలక్రమంలో చూపడం వల్ల, ‘నైస్ డిస్టింక్షన్’ అంటే సూక్ష్మమైన భేదమని బట్టీ పట్టకుండానే గుర్తుంటుంది.

‘బ్యాండికూట్’ మన ‘పందికొక్కు’ నుంచే వెళ్లిందనీ, తరువాత ఆ పేరును ఆస్ట్రేలియాలోని వేరొక జంతువుకు పెట్టారనీ చదవడం తెలుగువారికి ప్రత్యేకమైన ఆనందం.

పదం పక్కన ఇచ్చిన సంవత్సరం దానికి దొరికిన తొలి లిఖిత ఆధారానిదే తప్ప మాట పుట్టినది కాదని విద్యార్థులు గమనించాలి. నేటి అర్థాలన్నీ, వాటికి తగిన ఉదాహరణ వాక్యాలూ కావలసినవారు మాత్రం పక్కన మరో మంచి నిఘంటువును ఉంచుకోవలసిందే.