అనంతపురం మిద్దె మీద ప్రెషర్ ట్యాంకు: 24 లీటర్లదా, 60 లీటర్లదా?

ఇంటి కొళాయిలకు నీళ్లను ఒత్తిడితో తోసే అర హెచ్‌పీ ప్రెషర్ పంపుతోపాటు వచ్చిన 24 లీటర్ల ప్రెషర్ ట్యాంకు ఒకటి, తర్వాత విడిగా కొన్న 60 లీటర్ల నిలువు ట్యాంకు ఒకటి. రెండూ అనంతపురం ఎండలో, బోరు నీళ్లతో ఏళ్ల తరబడి వాడినవే. రెండంతస్తులు, మూడు బాత్‌రూములు ఉన్న ఇంటికి నా మాట 60 లీటర్లదే. అయితే గాలి పోయిన 60 లీటర్ల ట్యాంకు, గాలి సరిగ్గా ఉన్న 24 లీటర్ల ట్యాంకు కంటే పెద్దగా మెరుగేమీ కాదు. అందుకే ఇక్కడ సైజు కంటే గాలి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ట్యాంకు మీద రాసిన లీటర్లు మనకు దక్కే నీళ్లు కావు. లోపల రబ్బరు సంచి, సంచి చుట్టూ గాలి. పంపు నీళ్లు తోస్తే సంచి ఉబ్బి గాలి నలుగుతుంది. పంపు ఆగాక ఆ గాలే నీళ్లను కొళాయిలోకి నెడుతుంది. ఎన్ని లీటర్లు వస్తాయో లెక్క కట్టడం తేలికే. నీళ్ల ప్రెషర్‌ను బట్టి పంపును నడిపే స్విచ్ 1.4 బార్ దగ్గర పంపును ఆన్ చేసి, 2.8 దగ్గర ఆపుతుందనుకుందాం. బార్ అంటే ప్రెషర్ కొలత, ప్లంబర్లు కేజీ అనేది దాదాపు ఇదే. నీళ్లు లేనప్పుడు ట్యాంకులో గాలి 1.2 బార్. బయటి వాతావరణ ఒత్తిడి కోసం గేజీ అంకెలకు ఒక్కోటి కలిపితే 2.4, 3.8, 2.2 అవుతాయి. 2.2ను 2.4తో భాగిస్తే 0.917, 3.8తో భాగిస్తే 0.579. తేడా 0.338. ట్యాంకు లీటర్లను దీంతో గుణిస్తే, పంపు ఆగాక మళ్లీ ఆన్ అయ్యేలోపు 24 లీటర్లది ఇచ్చేది 8 లీటర్లు, 60 లీటర్లది ఇచ్చేది 20. గాలి పూర్తిగా పోయిందంటే అదే 60 లీటర్ల ట్యాంకు 9 లీటర్లకు పడిపోతుంది.

ఈ తేడా మోటారు మీద పడుతుంది. నిమిషానికి 25 లీటర్లు తోసే పంపు అయితే, వాడకం అందులో సగం ఉన్నప్పుడు ఎక్కువసార్లు ఆన్ అవుతుంది. అంటే ఒక షవరు నడుస్తున్నంత సేపన్నమాట. గంటకు 1500 లీటర్లను, ట్యాంకు ఇచ్చే లీటర్లకు నాలుగు రెట్లతో భాగించండి. 24 లీటర్లదానికి గంటకు 46 స్టార్టులు, 60 లీటర్లదానికి 19 కంటే తక్కువ. చిన్న మోటార్లకు గంటకు ఇరవై ముప్పై దాటితే వైండింగు వేడెక్కుతుంది, కెపాసిటర్ పోతుంది, స్విచ్ కాంటాక్టులు కాలిపోతాయి. పొద్దున అందరూ స్నానాలకు వెళ్లే గంటలో జరిగేది ఇదే. పెద్ద ట్యాంకుతో ఇంకో మేలు కూడా ఉంది: నిండి ఉన్నప్పుడు కరెంటు పోయినా, పూర్తిగా ఖాళీ అయ్యేలోపు 25 లీటర్ల దాకా నీళ్లు వస్తాయి.

ఇక గాలి. చాలా ట్యాంకులు కంపెనీ నుంచి 1.5 బార్ గాలితో వస్తాయి. స్విచ్ 1.4కు ఆన్ అయ్యేలా ఉంటే, పంపు అందుకునేలోపే ట్యాంకు ఖాళీ అయి షవరు ఒక్క క్షణం సన్నబడి మళ్లీ ఎగదన్నుతుంది. కొత్త ట్యాంకు బిగించగానే వచ్చే ఫిర్యాదు ఇది. పంపును అనుమానించే ముందు గాలి 1.2కు తగ్గించి చూడండి. టైరు గేజీలో అది 17, 18 పీఎస్‌ఐ. కొలిచేటప్పుడు పంపు ఆపి, కొళాయి తిప్పి, నీళ్ల ప్రెషర్ సున్నాకు తేవాలి. లేకపోతే గేజీ చూపేది నీళ్ల ప్రెషరే. కారు ట్యూబు వాల్వులాంటిదే దీనికీ ఉంటుంది కాబట్టి సైకిల్ పంపు చాలు. ఆరు నెలలకోసారి చూడాలి, రబ్బరు గుండా గాలి మెల్లమెల్లగా పోతూనే ఉంటుంది.

మన ఎండలకు ఇంకో జాగ్రత్త అవసరం. పొద్దున 30 డిగ్రీల దగ్గర 1.2 బార్ పెట్టిన గాలి, మధ్యాహ్నం ట్యాంకు రేకు కాలి 60 డిగ్రీలకు చేరితే 1.4 దాటుతుంది. పొద్దున బాగానే ఉన్న షవరు మధ్యాహ్నం తడబడటానికి కారణం అదే. గాలి పొద్దున్నే పట్టండి. ట్యాంకు పైన రేకు నీడ కట్టించండి. నా దృష్టిలో అది తప్పనిసరి ఖర్చు.

పంపు క్షణక్షణం టక్ టక్‌మని ఆన్ ఆఫ్ అవుతుంటే గాలి పట్టే వాల్వు పిన్ను నొక్కండి. నీళ్లు చిమ్మితే సంచి చిరిగింది. మూతి చుట్టూ బోల్టులు విప్పి మార్చుకోవచ్చు. పాత సంచి మూతి కొలత తీసుకెళ్లి కొనండి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. మన నీళ్లకు మూతికి బిగించే ఇనుప ఫ్లాంజి (బిళ్ల) త్వరగా తుప్పు పడుతుంది, దాని బదులు స్టీలుది వేయడం మేలు. ఎవరూ నీళ్లు వాడకుండానే పంపు అప్పుడప్పుడు ఆన్ అవుతుంటే, ట్యాంకు తర్వాత ఉన్న గేటు వాల్వు మూసి గేజీ చూడండి. ముల్లు అప్పటికీ దిగుతుంటే, నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు కారుతోంది. దిగకపోతే లీకు ఇంట్లోనే ఉంది, ముందు ఫ్లష్ ట్యాంకులు వెతకండి.

సంచి కంటే ముందు ఇబ్బంది పెట్టేది స్విచ్. దాని సన్నని రంధ్రంలో సున్నం పడితే ప్రెషర్ తెలియక పంపు ఆగదు. ఏడాదికోసారి విప్పి సూదితో శుభ్రం చేస్తే చాలు. సాయంత్రం వోల్టేజీ తగ్గినప్పుడు మాత్రమే పంపు ఆగకపోతే తప్పు స్విచ్‌ది కాదు: 2.8 బార్ అంటే దాదాపు 29 మీటర్ల హెడ్, అంటే నీళ్లను అంత ఎత్తుకు తోయడం, దానికి చేరే బలం పంపుకు లేదు. కొనేటప్పుడే గరిష్ఠ హెడ్ 35 మీటర్లకు పైగా ఉన్నది తీసుకోండి.

60 లీటర్ల ట్యాంకు బరువు ఇత్తడి ఫిట్టింగ్ మీద వేలాడకూడదు. కాళ్లు నేలకు బిగించి, అంగుళం ఫ్లెక్సిబుల్ పైపుతో కలపాలి. ఇదే లైన్లో గీజరు ఉంటే ఇంకో లాభం: 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 65 డిగ్రీలకు కాగితే పావు లీటరు పెరుగుతాయి, ఆ పెరుగుదలను ఈ సంచే పుచ్చుకుంటుంది. గీజరు ముందు నాన్ రిటర్న్ వాల్వు ఉంటే మాత్రం ఆ నీళ్లు ట్యాంకు దాకా రాలేవు, సేఫ్టీ వాల్వు నుంచి బొట్లు బొట్లుగా కారతాయి. మిద్దె మీది గాజు గొట్టాల సోలార్ హీటరు మాత్రం ప్రెషర్ తట్టుకునే రకం కాకపోతే ఈ లైనుకు కలపొద్దు. దాని ట్యాంకు ఉబ్బి, గొట్టాల సీళ్లు ఊడిపోతాయి. దానికి నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వేరే పైపులోనే దిగాలి.