ఉక్కు సైకిలు, 26 అంగుళాల చక్రం: హనోయి నుంచి సైగాన్ దాకా తొక్కాక

ఈ సైకిలు కొని మూడున్నరేళ్లయింది. మీటరులో 11,400 కిలోమీటర్లు కనిపిస్తున్నాయి. అందులో రెండు వేల పైచిలుకు 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వియత్నాంలో హనోయి నుంచి హో చి మిన్ నగరం (పాత పేరు సైగాన్) దాకా ఒంటరిగా తొక్కినవే. కొన్న కొత్తలో సమీక్ష రాసి ఉంటే బరువెక్కువని విసుక్కుని, రంగు బాగుందని మెచ్చుకుని ఊరుకునేవాడిని.

క్రోమోలీ ఉక్కు (క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి ఉక్కు) చట్రం, 26 అంగుళాల చక్రాలు, చక్రానికి 36 చువ్వలు, రిమ్మును పట్టే బ్రేకులు, ముందు మూడు, వెనక ఎనిమిది గేర్లు. ఖాళీ సైకిలే 15 కిలోలు, సామానుతో 34. డిస్కు బ్రేకులు కూడా లేని ఈ బండిని ఎవరైనా డబ్బిచ్చి కొంటారా అని హైదరాబాదులో మిత్రులు నవ్వారు. నా లెక్క వేరు. భాష రాని దేశంలో ఏదైనా విరిగితే దాన్ని దారి పక్క మనిషి బాగుచేయగలగాలి. బండి విషయంలో ఈ లెక్క తప్పలేదు. దానికి తగిలించిన వస్తువుల విషయంలో తప్పింది.

వియత్నాం రోడ్ల మీద ప్రతి ఊళ్లోనూ 'సువా సె' అని చేత్తో రాసిన బోర్డు కనిపిస్తుంది. బండ్లు బాగుచేస్తామని అర్థం. చాలావరకు మోటారుసైకిళ్ల దుకాణాలే, గాలి కొట్టే యంత్రం మాత్రం తప్పకుండా ఉంటుంది. మాయ్ చౌ దగ్గర మొదటి పంక్చరు పడినప్పుడు నిశ్చింతగా అక్కడికి నడిపించుకెళ్లాను. నా ట్యూబులకున్నది ప్రెస్టా అనే సన్న వాల్వు. వాళ్ల గొట్టం దాని మీద కూర్చోదు. ఆ గొట్టం పట్టేలా వాల్వుకు తగిలించే గోరంత ఇత్తడి బిళ్ల, అంటే అడాప్టరు, ఒకటి తెచ్చుకుని ఉంటే సరిపోయేది. తీసుకెళ్లనందుకు చేతి పంపుతో అరగంట కుస్తీ పట్టాను. పంక్చరు వేసిన ఆవిడకు ఇవ్వాల్సింది ఇరవై వేల డాంగులు (అక్కడి డబ్బు), నేనిచ్చింది ఐదు లక్షల నోటు. రెండూ నీలం రంగువే. ఆవిడ రెండు నోట్లూ పక్కపక్కన పట్టుకుని చూపించి, పెద్దగా నవ్వి, పెద్ద నోటు నా జేబులో కుక్కింది. ఆ తర్వాత ఐదు లక్షల నోట్లను విడిగా, బూటులో దాచుకున్నాను.

బ్రేకుల గురించి దాచకుండా చెప్పాలి. ఉత్తరాన ఆ నెలల్లో రోజుల తరబడి సన్నని తుంపర. థుంగ్ ఖే కనుమ దిగుతుంటే పొగమంచులో పది అడుగుల ముందు ఏముందో కనిపించలేదు. తడి, ఇసుక కలిసి రిమ్మును ఆకురాయిలా గీసేశాయి. బ్రేకు రబ్బర్లు రెండు జతలు మార్చాను. అక్కడ డిస్కు బ్రేకులే మేలు, ఒప్పుకుంటాను. కాకపోతే కొత్త రబ్బర్లు ఒక పల్లెలో, కూరగాయల కొట్టు పక్కనే దొరికాయి.

అసలు పరీక్ష ఫోంగ్ న్యా నుంచి ఖే సాన్ దాకా సాగే హో చి మిన్ రహదారి పశ్చిమ శాఖ. దాదాపు 230 కిలోమీటర్ల అడవి దారి, తినడానికీ ఉండడానికీ చోట్లు చాలా తక్కువ. రోడ్డంతా కాంక్రీటు పలకలు. ప్రతి అతుకు దగ్గరా వెనక చక్రం 'టక్' అంటుంది. ఆ టక్కులు లెక్కపెడుతూ వెళ్తుండగా రెండో రోజు మధ్యాహ్నం చప్పుడు మారింది. దిగి చూస్తే క్యారియర్ కడ్డీ అతుకు దగ్గర తెగి వేలాడుతోంది. ఖరీదైనదిగా పేరున్న, తేలికైన అల్యూమినియం క్యారియర్ అది. తేలిక అన్న మాటకు మోసపోయింది నేనే. అల్యూమినియాన్ని మామూలు గ్యాస్ వెల్డింగుతో అతికించడం అందరికీ చేతకాదు. మోటారుసైకిలు మీద కట్టెలు తెస్తున్న ఒకాయన ఆగి, తన మోపుకు కట్టిన పాత ట్యూబు పట్టీల్లో రెండు విప్పి, కడ్డీని చట్రానికి బిగించి కట్టాడు. ఆ దేశంలో బరువులన్నీ ఆ రబ్బరు పట్టీలతోనే కడతారు. ఖే సాన్ దాకా అది సడలలేదు. అక్కడ వెల్డింగు దుకాణంలో ఇనుప పట్టీ ఒకటి వంచి, బోల్టులు వేసి నిలబెట్టారు.

టెంటు మోయడం శుద్ధ దండగ. రెండున్నర కిలోలు, ఒక్క రాత్రి కూడా విప్పలేదు. క్వాంగ్ త్రి ప్రాంతంలో యుద్ధకాలం నాటి పేలని బాంబులు ఇంకా నేలలో ఉన్నాయి, దారి వదిలి చెట్ల మధ్య మేకు దిగ్గొట్టే ధైర్యం ఎవరికుంటుంది? కాస్త పెద్ద ఊరైతే చవక వసతి గృహం దొరికింది, సైకిలును గదిలోకే తెచ్చుకోనిచ్చారు. మధ్యాహ్నపు ఎండకు ఉయ్యాలలు కట్టిన కాఫీ కొట్లున్నాయి. ఒక కాఫీ కొంటే గంటసేపు పడుకున్నా ఎవరూ లేపరు. శాకాహారిని కాబట్టి వంట స్టవ్ లేకపోతే ఎలా అని బెంగపడ్డాను గానీ, 'చై' అంటే శాకాహారమని నేర్చుకున్నాక అన్నం, టోఫు, వెల్లుల్లి వేసి వేయించిన తూటికూరతో రోజులు గడిచాయి. చేపల సాసు వేయవద్దని మాత్రం వేరే చెప్పాలి.

గేర్లకు వంక పెట్టను. ఎత్తెక్కడానికి వాడే అతి తేలిక గేరులో ముందు చక్రానికి 22 పళ్లు, వెనక దానికి 34. హాయ్ వాన్ కనుమ 496 మీటర్ల ఎత్తే, మన శ్రీశైలం ఘాట్ తొక్కినవారికి కొత్త కాదు. 2005లో కింద సొరంగం తెరిచాక లారీలు అటు మళ్లాయి, సైకిళ్లను అందులోకి రానివ్వరు. పైదారిలో మంటలంటుకునే సరుకు మోసే ట్యాంకర్లు మాత్రం ఎదురవుతాయి. ఆ కాలంలో ఈశాన్య గాలి వీపును నెడుతుంది కనుక ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లడమే తెలివి. ఇదే సైకిలు మీద ఎదురు వచ్చిన వారెవరైనా ఉంటే గేర్ల గురించి నాలాగా మాట్లాడరేమో.

తోలు సీటు మొదటి వారం నరకం, తర్వాత దాని ఊసే రాలేదు. వానలో కవరు తొడగడం మరచిన రెండు రోజులకు మధ్యలో గుంట పడింది, అది ఇంకా అలాగే ఉంది. చువ్వ ఒక్కటీ తెగలేదు. చైను మార్చాను.

మళ్లీ ఇదే సైకిలు కొంటారా అని అడిగితే కొంటాను, ఉక్కు క్యారియర్‌తో. ఖే సాన్‌లో వేసిన ఇనుప పట్టీ తుప్పు పట్టింది, తీయబుద్ధి కాలేదు. టెంటు అమ్మేశాను. తిరిగి వచ్చిన వారంలోనే మా వీధి చివరి దుకాణంలో రిమ్ముల రంధ్రాలు పెద్దవి చేయించి, మోటారుసైకిలు వాల్వు ఉన్న ట్యూబులు వేయించాను.