రాజుగారి ఇష్టమా, సత్ప్రవర్తనా: అమెరికా వలసల్లో జడ్జీల పదవి

జడ్జి నియామక పత్రంలో ఒక్క మాట మారితే కోర్టు తీరే మారిపోతుంది. ‘సత్ప్రవర్తన ఉన్నంతకాలం’ అని రాస్తే, తప్పు చేస్తేనే పదవి పోతుంది. ‘రాజుగారి ఇష్టం ఉన్నంతకాలం’ అని రాస్తే కారణం చెప్పకుండానే ఇంటికి పంపొచ్చు.

ఇంగ్లండులో 1701 నాటి చట్టం మొదటి మాటనే ఖాయం చేసింది. అక్కడ జడ్జిని తీసెయ్యాలని పార్లమెంటు ఉభయసభలు కోరవచ్చు. వలసలకు మాత్రం 1761 డిసెంబరులో, రెండో మాటే రాయాలని గవర్నర్లకు ఉత్తర్వు వచ్చింది. ఇది పచ్చి వివక్ష. న్యూజెర్సీ గవర్నర్ జోసయా హార్డీ పాత పద్ధతిలోనే పత్రాలిచ్చి పదవి పోగొట్టుకున్నాడు. న్యూయార్క్ శాసనసభ అలా రాజు ఇష్టం మీద నియమితులైన జడ్జీల జీతం ఆపింది.

అసలు చిక్కు జీతంలోనే ఉంది. పదవీకాలం భద్రమైనా, జీతం ఇచ్చేవాడి చేతిలోనే జుట్టు ఉంటుంది. సభ ఏటేటా మంజూరు చేస్తే జడ్జి సభ ముఖం చూడాలి. ఆ పద్ధతీ లోపం లేనిది కాదు. కానీ పదవీ, జీతమూ రెండూ రాజు చేతిలోకి పోతే రాజుకు ఎదురుగా తీర్పు చెప్పేదెవరు?

మసాచుసెట్స్‌లో జరిగింది ఇదే. 1774లో నలుగురు జడ్జీలు రాజు జీతం వద్దన్నారు. ప్రధాన న్యాయమూర్తి పీటర్ ఆలివర్ వదులుకోలేదు. సభ అభిశంసించినా గవర్నర్ హచిన్సన్ ముందుకు కదలనివ్వలేదు. దాంతో బోస్టన్ జ్యూరర్లు (కేసు విని తీర్పు చెప్పే సాధారణ పౌరులు) ఆలివర్ ఎదుట ప్రమాణం చెయ్యబోమని నిలబడ్డారు. జ్యూరీ లేక విచారణలు ఆగాయి.

1787లో రాసిన అమెరికా రాజ్యాంగం రెండు తాళాలూ వేసింది: సత్ప్రవర్తన ఉన్నంతకాలం పదవి, పదవిలో ఉండగా తగ్గించకూడని జీతం.