ఈవైల్ సీడీల్లో ముందు ఏది కొనాలి?

థ్రాష్ మెటల్ (మెటల్ సంగీతంలో బాగా వేగంగా, దూకుడుగా ఉండే రకం) అనగానే మనవాళ్లు మెటాలికా, స్లేయర్, మెగాడెత్ దగ్గర ఆగిపోతారు. అన్నీ అమెరికావే. బ్రిటన్ నుంచి ఒక్క బ్యాండే వింటానంటే నేను ఈవైల్ పేరు చెప్తాను. ఇంగ్లండ్‌లో ఉన్నిబట్టల మిల్లులకు పేరుపడ్డ హడర్స్‌ఫీల్డ్ కుర్రాళ్లు వీళ్లు. మొదట్లో మెటాలికా పాటలే వాయించేవాళ్లు, 2004 నుంచి ఈవైల్ పేరుతో సొంత పాటలు మొదలుపెట్టారు. అమలాపురంలో ఇలాంటి సీడీలు ఏ షాపులోనూ దొరకవు కాబట్టి ఆన్‌లైన్లో ఒక్కోటీ తెప్పించుకున్నాను.

మొదటిది ‘ఎంటర్ ద గ్రేవ్’, 2007లో ఇయరేక్ అనే రికార్డు కంపెనీ వాళ్లు విడుదల చేశారు. దీన్ని డెన్మార్క్ వెళ్లి ఫ్లెమింగ్ రాస్ముసెన్‌తో చేయించుకున్నారు, అంటే మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’కి పనిచేసిన ఆయనే. రావులపాలెం నుంచి కాలవ గట్టు రోడ్డు మీద వస్తూ కార్లో పెడితే పక్కనున్న మా బావ “ఇది మెటాలికా పాతదా బావా?” అన్నాడు. ఈ బ్యాండ్ మీద అందరూ అనే మాటా అదే, కాదనలేం. కానీ గిటార్ పట్టుకున్నవాళ్లు ఒకసారి ‘థ్రాషర్’కి రిథమ్ వాయించి చూడండి. ఆ వేగంలో పాట చివరిదాకా కుడి మణికట్టు తడబడకుండా, ప్రతి మీటూ విడివిడిగా వినిపించేలా కొట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది, అది కాపీ కొడితే వచ్చేది కాదు, ఏళ్ల తరబడి కూర్చుని సాధన చేస్తేనే వస్తుంది.

2009లో వచ్చిన ‘ఇన్ఫెక్టెడ్ నేషన్స్’ బరువుగా, నింపాదిగా నడుస్తుంది. చివర్లో మాటల్లేని వాద్యం ఒకటి పది నిమిషాలు దాటి సాగుతుంది. మొదటిసారి విన్నప్పుడు సాగదీశారనిపిస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ గిటార్ మీద చెవి పెట్టండి, వేరే పాటలా వినిపిస్తుంది. ఆ బేస్ వాయించిన మైక్ అలెగ్జాండర్, ఆల్బమ్ వచ్చిన కొద్ది వారాలకే, అక్టోబరులో స్వీడన్ టూర్‌లో ఉండగా చనిపోయాడు. ఆ సంగతి తెలిశాక నేను ఈ సీడీని పనిచేసుకుంటూ వినలేను, కూర్చునే వింటాను.

ముందు కొనాల్సింది మాత్రం 2011 నాటి ‘ఫైవ్ సర్పెంట్స్ టీత్’. బేస్‌లోకి జోయెల్ గ్రాహం వచ్చాడు. మొదటి ఆల్బమ్ దూకుడు, రెండోదాని బరువు రెండూ ఇందులో కుదిరాయి. పాట మధ్యలో బెన్ కార్టర్ డ్రమ్స్ నడక మార్చే తీరు చూడండి, జగ్గన్నతోట ప్రభల తీర్థంలో డప్పు దెబ్బ మారగానే ప్రభ మోసేవాళ్ల అడుగు మారినట్టు మొత్తం బ్యాండ్ ఒక్కసారే తిరుగుతుంది. మైక్ కోసం చేసిన ‘ఇన్ మెమోరియం’ కూడా ఇందులోనే ఉంది. మెల్లగా మొదలవుతుంది, బ్యాండ్ గాయకుడు మ్యాట్ డ్రేక్ అరవకుండా పాడతాడు. మెటల్ అంటే వట్టి గోల అనేవాళ్లకి నేను వినిపించే పాట ఇదే.

2013లో ‘స్కల్’ వచ్చింది, బాగానే ఉంటుంది, కొత్తగా చెప్పిందేమీ లేదు. అదే ఏడాది లీడ్ గిటార్ ఓల్ డ్రేక్ (మ్యాట్ తమ్ముడే) బయటికి వెళ్లిపోయాడు. తర్వాత ఎనిమిదేళ్లు ఆల్బమ్ లేదు. ఓల్ 2018లో తిరిగొచ్చాడు, 2020లో అన్న తప్పుకుంటే పాడే బాధ్యత కూడా నెత్తినేసుకున్నాడు. అలా వచ్చిందే 2021 నాటి ‘హెల్ అన్‌లీష్డ్’. గొంతు బాగా కరుకు, పాటలు సూటిగా, కోపంగా ఉంటాయి, నాకు చాలా నచ్చింది. 2023లో వచ్చిన ‘ది అన్‌నోన్’లో వేగం బాగా తగ్గించేశారు. మ్యాట్ గొంతుకి అలవాటుపడ్డవాళ్లు ఈ రెండూ కొనేముందు ఫోన్లో ఓసారి విని చూసుకోండి.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. నాకు ఒక సెల్లర్ పల్చటి కవర్లో పెట్టి పంపాడు, డబ్బా పగిలి వచ్చింది, అదృష్టం కొద్దీ డిస్కుకి గీత పడలేదు. బబుల్ కవర్ చుట్టి పంపమని ఆర్డర్‌తోపాటే రాయండి. మన కోనసీమ తేమకి లోపలి బుక్‌లెట్ పేజీలు అతుక్కుపోతాయి, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి సీడీల అరలో పడేస్తే సరిపోతుంది. బడ్జెట్ రెండింటికే సరిపోతే ‘ఫైవ్ సర్పెంట్స్ టీత్’, ‘ఎంటర్ ద గ్రేవ్’ తీసుకోండి, ‘స్కల్’ తొందరేం లేదు.