బాకీ కట్టమని ఫోను వస్తే: అప్పుడే తేల్చుకోవాలా, పెట్టేసి విచారించాలా?

విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే మా పిన్నికి మొన్న రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను వచ్చింది. పాత అప్పు తాలూకు 18,400 రూపాయలు అరగంటలో కట్టకపోతే పొద్దున్నే పోలీసులు గుమ్మం ముందుంటారని బెదిరింపు. నేను వెళ్లేసరికి ఆమె చేతిలోని గరిటె ఇంకా వణుకుతోంది. ఆమె అసలు అప్పే చేయలేదు.

పరువు పోతుందన్న భయంతో చాలామంది ఫోనులోనే తేల్చుకోవాలని చూస్తారు. ఆధార్ నంబరు చెప్పేస్తారు, కొంత పంపితే వదిలేస్తారనుకుంటారు. వదలరు. ఒకసారి కట్టిన మనిషినే మళ్లీ పిండుతారు.

అంతకంటే అవతలివాడి పేరు, సంస్థ పేరు, అప్పు ఖాతా నంబరు అడిగి రాసుకుని ఫోను పెట్టేయడం ఎంతో మేలు. మరునాడు బ్యాంకుకు స్వయంగా వెళ్లి అడగవచ్చు. సిబిల్ వంటి క్రెడిట్ సమాచార సంస్థలు ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే క్రెడిట్ నివేదికలో మన పేరిట ఉన్న అప్పులు చూసుకోవచ్చు. బాకీ నిజమే అయినా ఒక్క రోజు ఆలస్యానికి కొంపలేమీ మునగవు. పైగా రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదు. పిన్నికి ఫోను వచ్చిన వేళే అనుమానించదగ్గది.

ఇప్పటికే డబ్బు పంపినవారు దయచేసి సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. పిన్ని ఆ నంబరును క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే రాసుకుంది.